ఇష్టపూర్వకంగా

"నీ ఇష్టం విద్యా" అన్నాడు మహీధర్, చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్న భార్య వైపు చూడకుండానే. "నేనేమన్న వద్దన్ననా?"

నిజమే. ఇరవై రెండేళ్లలో అతను ఒక్కసారీ వద్దనలేదు. పెళ్లయ్యాక పీహెచ్‌డీ చేస్తానంటే నీ ఇష్టం అన్నాడు, ఆ నెలలోనే వంటమనిషిని మాన్పించాడు. ఢాకా సదస్సుకు వెళ్తానంటే నీ ఇష్టం అన్నాడు, ఆమె తిరిగొచ్చాక పదకొండు రోజులు మాట్లాడలేదు. తడిగుడ్డతో గొంతు కోయడమంటే ఇదే. ఇప్పుడు జెనీవా. అంతర్జాతీయ వాణిజ్య ఒప్పందాల్లో కూలీల హక్కుల మీద రెండేళ్ల పరిశోధన. ఎంపికైనవాళ్ల జాబితాలో శ్రీవిద్య పేరే మొదటిది.

హాల్లోంచి అత్తగారు లక్ష్మీనర్సమ్మ అందుకుంది. "ఎవ్వలాపిన్రమ్మా? పో. గీడ నా మోకాళ్ల సంగతి దేవుడు చూసుకుంటడు."

శ్రీవిద్యకు నవ్వొచ్చింది, వెంటనే ఏడుపొచ్చింది. రెండిటికీ తీరిక లేదు, కుక్కర్ పెట్టాలి.

విదేశాలకు చొక్కాలు కుట్టి పంపే ఫ్యాక్టరీల్లో ఆడవాళ్ల చేత ఒక కాగితం మీద సంతకం పెట్టిస్తారు: 'ఇష్టపూర్వకంగా అదనపు గంటలు పనిచేస్తున్నాను.' ఆ ఒక్క మాట మీదే ఆమె పుస్తకం రాసింది. వద్దంటే కూడు పోయేచోట సరేనన్న మాటకు విలువ లేదని వాదిస్తే పెద్దపెద్ద లాయర్లు తలలూపారు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. ఈవిడ రచ్చ గెలిచొచ్చి ఇంట్లో చిక్కుడుకాయలు ఒలుస్తోంది. ఇక్కడ కూడు పోదు. మాటలు పోతాయి, ఇంట్లో మనిషినన్న లెక్క పోతుంది. ఆ నష్టం గురించి ఏ ఒప్పందంలోనూ రాసి లేదు.

తెల్లారేసరికి అత్తగారు మంచం దిగలేనంది, మహీధర్‌కు బీపీ పెరిగింది. అప్పుడు కూడా ఎవరూ వద్దనలేదు. జెనీవా వెళ్లడం కుదరదని చెప్పడానికి శ్రీవిద్య బయల్దేరింది. నాంపల్లిలోని ఇంటి నుంచి అబిడ్స్‌లో తను పాఠాలు చెప్పే కాలేజీ దాకా నడిచే వెళ్లింది, దారిలో ఎవరు పలకరించారో కూడా గుర్తులేదు.

ఆఫీసు గుమాస్తా వెంకటేశం ఫారం ముందు పెట్టాడు. 'ఈ అవకాశాన్ని ఇష్టపూర్వకంగా వదులుకుంటున్నాను.'

ఆమె పెన్ను ఆగిపోయింది. ఆ ఒక్క మాట మీద రెండు గీతలు గీసింది.

"గట్ల కొట్టేస్తే చెల్లది మేడం. గా మాట ఉండాలె."

"ఇష్టం లేకుండా అని రాయొచ్చా?"

"గసొంటి కాలమ్ లేదు మేడం." కొత్త ఫారం తీసి ఇచ్చాడు పాపం. ఆమె పెన్ను మూసేసింది.

"సాయంత్రం లోపల పోతనని చెప్పకుంటే సంతకం లేకున్నా మీ చాన్స్ పోతది" అన్నాడతను. "జర ఒక్క సంతకమే కదా, ఫికర్ ఎందుకు?"

"పోతది. ఎరుకే." శ్రీవిద్య లేచి బ్యాగు భుజానికి తగిలించుకుంది. "పోయిందని రాసుకోండి వెంకటేశం గారూ. నేను వదులుకున్నానని మాత్రం రాయకండి."