మనుషులు పనిచేస్తున్నారు

సొలొమోను పటమటకు వచ్చి నలభై రోజులైంది. ఈ నలభై రోజుల్లో ఆయనకు బాగా బోధపడింది ఒక్కటే. ఈ అపార్టుమెంటులో రాజకీయాలు మాట్లాడినంతగా ఇంకేదీ మాట్లాడరు, పక్కింటి మనిషి పేరు మాత్రం అడగరు. ఇంటిపేరు అడుగుతారు. అది తెలిశాక ఇక మిగతావేవీ అడగక్కర్లేదు గదా!

ముప్ఫయ్యేళ్ళు ఇబ్రహీంపట్నం థర్మల్ కేంద్రంలో ఎలక్ట్రీషియన్‌గా చేసి రిటైరయ్యాడు. భార్య పోయాక కొడుకు ఫ్లాటుకు చేరాడు. ఐదో అంతస్తు. తలుపు మీద ఇత్తడి పలక, దాని మీద ‘వై. కుమార్’ అని ఉంది. తాను ముచ్చటపడి యేసుకుమార్ అని పెట్టుకున్న పేరు ఇలా ఎందుకు కుంచించుకుపోయిందిరా అని అడిగితే, “పలక చిన్నది నాన్నా” అన్నాడు కొడుకు. పలక చూస్తే జానెడుంది. సొలొమోను పళ్ళు కొరుక్కుని ఊరుకున్నాడు. కొత్త ఊరు, కోడలు కూడా ఉన్న ఇల్లు.

సాయంత్రాలు సెల్లార్‌లో కుర్చీలు వేసుకుని మగవాళ్ళు కూర్చుంటారు. అసోసియేషన్ ప్రెసిడెంటు వెంకటకృష్ణారావు గారిది ఒక పార్టీ, రెండో అంతస్తు జయదేవ్‌ది ఇంకో పార్టీ. రాజధాని మాటెత్తితే చాలు, ఇద్దరికీ మెడ నరాలు ఉబ్బుతాయి. రాష్ట్రాన్ని మీరు ముంచారంటే మీరు ముంచారని. కొట్టుకుంటారేమో అని సొలొమోనుకు మొదట్లో భయం వేసేది. ఈ జన్మలో వీళ్ళు ఒక మాట మీదికి రారనే అనుకున్నాడు.

వచ్చారు. ఆ మంగళవారం వచ్చారు.

సాయంత్రం ఐదున్నరకు ఆయన తలుపు తీసేసరికి అమలమ్మ మెట్లెక్కి వస్తోంది. ఈ అపార్టుమెంటులో వీళ్ళింటితో కలిపి ఆరిళ్ళకు అంట్లు తోమి ఇల్లు తుడుస్తుంది. యాభై దాటిన మనిషి, మోకాళ్ళు వాచి ఉన్నాయి. గోడ పట్టుకుని ఒక్కో మెట్టుకీ ఆగుతోంది.

“లిఫ్టు పాడైందా చెల్లెమ్మా?”

“దానికేం కాలేదన్నయ్యగారూ. నేనే ఎక్కగూడదంట. మధ్యాన్నం కాయితం అంటించారు.”

సొలొమోను లిఫ్టులోకి వెళ్ళి చదివాడు. ‘పనివాళ్ళు, డెలివరీ వాళ్ళు లిఫ్టు వాడరాదు. మెట్లు వాడవలెను. అన్ని ఫ్లాట్ల ఏకగ్రీవ తీర్మానం.’ కింద రెండు సంతకాలు, ఒకటి వెంకటకృష్ణారావుది, ఒకటి జయదేవ్‌ది. పక్కపక్కనే!

ఒళ్ళు మండిపోయింది ఆయనకు. దివిసీమలో ఒక మోతుబరి ఇంట్లో ఆయన తల్లి ఇరవయ్యేళ్ళు పేడ ఎత్తింది. పశువుల కొట్టం వైపు నుంచి వెళ్ళి అటే వచ్చేది. ఆ ఇంటి ముందుగుమ్మం ఎలా ఉంటుందో ఆవిడకు తెలియకుండానే పోయింది. ఓట్లు మారాయి, జెండాలు మారాయి, పెంకుటిల్లు పోయి ఐదంతస్తులు లేచాయి. దొడ్డిదారి మాత్రం అలాగే ఉంది, మెట్లంటున్నారు అంతే.

గబగబా ఇంట్లోకెళ్ళి మంచం కింద ట్రంకు పెట్టె లాగాడు. రిటైరైన రోజు గుర్తుగా తెచ్చుకున్న రేకు బోర్డు తీశాడు. ఎర్రరంగు మీద తెల్లక్షరాలు: ‘మనుషులు పనిచేస్తున్నారు. స్విచ్ వేయరాదు.’ కింద పేరు రాయడానికి నల్లటి చోటు. ప్లాంటులో ఈ బోర్డుకు ఒక కట్టుబాటుంది. దాన్ని ఎవరి పేరున తగిలించారో వాళ్ళే తీయాలి. ఇంకెవరూ చెయ్యి వేయడానికి లేదు, చీఫ్ ఇంజనీరైనా సరే.

లిఫ్టు ఖాళీగా కిందే ఉందని చూసుకుని, సెల్లార్‌లో లిఫ్టు మెయిన్ స్విచ్ దించేశాడు. బోర్డు తగిలించి, సుద్దముక్కతో తన పేరు రాసి, పక్కనే కుర్చీ వేసుకు కూర్చున్నాడు.

పావుగంటలో వెంకటకృష్ణారావు మార్కెట్ సంచులతో దిగబడ్డాడు. వెనకే జయదేవ్.

“ఏంటి సొలొమోను గారూ ఇది? పెద్దవారు, తమాషాలా?” బోర్డు మీద పేరు చదివి అన్నాడు ప్రెసిడెంటు.

“ఎక్కితే అందరం ఎక్కుదామండీ. లేకపోతే అందరం మెట్లే.”

“అందరూ కలిసి చేసిన తీర్మానమండీ. రిజిస్టర్‌లో ప్రతి ఫ్లాటూ సంతకం పెట్టింది.”

“మా ఫ్లాటు పెట్టదు. వాడు నా కొడుకు.”

వెంకటకృష్ణారావు ఏదో అనబోయి జయదేవ్ మొహం చూశాడు. ఆ పూట ఇద్దరికీ ఎంత స్నేహమో! సరిగ్గా అప్పుడే అమలమ్మ మెట్లు దిగి వచ్చింది. ప్రెసిడెంటు కోపమంతా ఆమె మీదికి మళ్ళింది.

“ఇదంతా నీ మూలంగానే. ఆ బోర్డు తీయించు, లేదా రేపట్నుంచి ఆరిళ్ళూ మానెయ్!”

సొలొమోనుకు చెంప మీద కొట్టినట్టయింది. ప్రెసిడెంటు మాటకు కాదు, తన తప్పుకు. కరెంటు లైను మీద పనిలో ఉన్న మనిషిని అడగకుండా బోర్డు పెట్టకూడదు, తీయకూడదు. ముప్ఫయ్యేళ్ళు కుర్రాళ్ళకు చెప్పిన పాఠం. కోపంలో ఈమెను ఒక్క మాటైనా అడగలేదు. పోతే పోయేది ఈమె కూడు.

లేచి, అరచేత్తో తన పేరు తుడిచేశాడు.

“తప్పయింది చెల్లెమ్మా. ముందే అడగాల్సింది. ఉంచమంటే నీ పేరు రాస్తాను. తీయమంటే ఇప్పుడే తీస్తాను.”

అమలమ్మ మోకాళ్ళు పట్టుకుని మెట్టు మీద కూర్చుంది. పైనుంచి ఎవరో కేకేస్తున్నారు, సింకు నిండిపోయింది, ఎక్కడున్నావంటూ.

“రాయండి” అంది. “ఆరిళ్ళవాళ్ళకీ ఒక్కరోజులో ఇంకో మనిషి దొరికితే నేనూ చూస్తాను.”

ఆయన రాశాడు. రాస్తుంటే వెనకనుంచి మెల్లగా అంది.

“మీ ఇంటి సంతకం కూడా ఉందన్నయ్యగారూ. పొద్దున ప్రెసిడెంటుగారింట్లో అబ్బాయిగారు పెడుతుంటే నేనక్కడే నేల తుడుస్తున్నా. కాళ్ళు తడవకుండా పక్కకి జరిగి మరీ పెట్టారు.”

సుద్దముక్క ఆయన వేళ్ళ మధ్య విరిగింది. వెంకటకృష్ణారావు ఇటు చూడకుండా సంచులు సర్దుకుంటున్నాడు.

అంతలో యేసుకుమార్ బండి స్టాండు వేసి వచ్చాడు. బోర్డునూ తండ్రినీ చూసి, గొంతు తగ్గించాడు.

“నాన్నా, ప్లీజ్. మనం కొత్తగా వచ్చినవాళ్ళం. మనకెందుకు ఈ గొడవ?”

“మీ నాయనమ్మ కూడా ఆ మోతుబరి ఇంటికి కొత్తదేరా. ఇరవయ్యేళ్ళు” అన్నాడు సొలొమోను. “మెట్లెక్కి పైకిపో. అంట్లున్నాయి, తోము. అవయ్యాక ఆ రిజిస్టర్ దగ్గరికెళ్ళి నీ సంతకం కొట్టేసిరా. అప్పటిదాకా నాతో మాట్లాడకు.”

యేసుకుమార్ అందరి మొహాలూ చూశాడు. భుజాన బ్యాగుతోనే మెట్లవైపు నడిచాడు.

అమలమ్మ కాస్త పక్కకు జరిగి దారి ఇచ్చింది.

“సబ్బు సింకు కింద ఉంది బాబూ.”