మిగిలిన ఎర్రపూస

గుమ్మానికి వేలాడే పూసల తెరలో మొదటి వరస పుటుక్కున తెగింది. పూసలన్నీ తలో మూలకీ పరిగెత్తాయి. ఆవిడ గబగబా వంగి దొరికినవి ఒళ్ళో వేసుకుంది. పోయిన భర్త తన చేత్తో గుచ్చిన తెర అది.

"ఎలాగోలా గుచ్చేద్దాంలే వదినా," అంది ఆడపడుచు, మంచం కింద దూరి పూసలు ఏరుతూ.

"ఎలాగోలా కాదు. మీ అన్నయ్య గుచ్చినట్టే ఉండాలి. ఆ వరస ఆయనతోనే పోయింది."

ఆయన బస్సు కండక్టరు. టిక్కెట్ల మీద అంకెలు చూసీ చూసీ ప్రధాన సంఖ్యల పిచ్చి పట్టింది. "ఎంతమందికి పంచినా సమంగా రాని మొండిఘటాలు" అనేవారు. సెలవు రోజు మధ్యాహ్నాలు సంఖ్య చెప్పడం, గుచ్చడం ఆయన వంతు, పూస అందించడం ఆవిడ వంతు. ఒక్కో ప్రధాన సంఖ్యకీ ఒక్కో పూస. సంఖ్య చివర ఒకటి ఉంటే ఎరుపు, మూడైతే ఆకుపచ్చ, ఏడైతే నీలం, తొమ్మిదైతే పసుపు. పదకొండు నుంచి వంద లోపు మొదటి వరస.

"ఒకే రంగు పక్కపక్కన పడదేంటండీ? తోడికోడళ్ళలా ఎడమొహం పెడమొహం!" అని ముందు కనిపెట్టింది ఆవిడే. రెండో వరసలో నూట ముప్ఫై తొమ్మిది, వెంటనే నూట నలభై తొమ్మిది వచ్చి రెండు పసుపులు కలిశాయి. "అదిగో, రాజీపడ్డారు!" అని ఆయన పడీ పడీ నవ్వారు. ఆ తర్వాత వరసల్లోనూ అలా కలవడం తక్కువే.

"అన్నయ్య పోయాడు గానీ, సంఖ్యలెక్కడికి పోతాయి వదినా?" అంది ఆడపడుచు చతికిలబడుతూ. "పదకొండు. ఎరుపు ఇటివ్వు."

మాటల్లోనే ఎనభై తొమ్మిదికి పసుపు, తొంభై ఏడుకి నీలం పడ్డాయి. ముడి వేశాక చూస్తే ఆవిడ ఒళ్ళో ఒక ఎర్రపూస మిగిలింది. మొదటి నుంచీ సరిచూశారు. ఎక్కడా తప్పు లేదు.

"తొంభై ఒకటి!" అంది ఆవిడ ఉన్నట్టుండి. "చాలాసేపు ఆలోచించి, తొంభై ఒకటి, ఎరుపు అన్నారు. నాకు బాగా గుర్తు."

ఆడపడుచు వేళ్ళు మడిచింది. "ఏడు పదమూళ్ళు తొంభై ఒకటి కదే వదినా! శుభ్రంగా పంచొచ్చు. అన్నయ్య బోల్తా పడ్డాడు. పాపం, చిల్లర కూడా ఇలాగే ఇచ్చేవాడేమో!"

ఇద్దరూ కడుపు పట్టుకుని నవ్వారు. నవ్వీ నవ్వీ ఆవిడ కళ్ళు తుడుచుకుంది.

"వరస ఇప్పుడు సరిగ్గా ఉంది. ఆ పూస దాచుకో," అంది ఆడపడుచు.

"సరిగ్గా ఉన్నది మనది. నాక్కావలసింది ఆయనది."

ఆవిడ ముడి విప్పింది. నీలం తీసి, ఎరుపు ఎక్కించి, మళ్ళీ నీలం ఎక్కించింది.

తెర గుమ్మానికెక్కాక దాన్ని తోసుకుని అవతలి గదిలోకి వెళ్ళింది. అక్కడ పనేమీ లేదు. మళ్ళీ పూసల్ని గలగలలాడిస్తూ ఇవతలికి వచ్చింది.