ఖాళీగా వచ్చిన పిట్టకూత

మొగుడు నాలుగు రోజులు ఊరెళ్తానంటే ముఖం మాడ్చుకునేవాళ్లుంటారు, లోలోపల సంతోషించేవాళ్లూ ఉంటారు. కానీ మొగుడి ప్రయాణానికి మొగుడికంటే ఎక్కువ హడావిడి పడే మనిషిని ఆ వీధిలో ఎవరూ చూడలేదు. ఆయనకి రెయిన్‌కోటు ఆమే కొన్నది. జలగలు పాకకుండా మోకాళ్లదాకా తొడుక్కునే గుడ్డ మేజోళ్లు ఎక్కడ దొరుకుతాయో నలుగురినీ అడిగి తెప్పించింది. కొండమీది అభయారణ్యంలో అడుగు పెట్టడానికి అటవీశాఖవాళ్ల అనుమతి కావాలంటే, మధ్యాహ్నం తిండి మానేసి వెళ్లి వాళ్ల ఆఫీసు కిటికీ దగ్గర నిలబడింది. కలప మిల్లు ఓనరు సెలవివ్వడానికి నసుగుతున్నాడని తెలిసి తనే ఫోన్ చేసింది. "ఆయన ఇన్నేళ్లలో సెలవు అడగలేదండీ. ఇప్పుడూ అడగరు. నేనడుగుతున్నాను" అంది. ఓనరు వెంటనే సరేనన్నాడు.

చూసినవాళ్లు ఎంత అన్యోన్యమో అనుకున్నారు. అనుకోనీ, పోయేదేముంది. ఆమెకి కావలసింది ఆయన కొండెక్కడం కాదు, నాలుగు రోజులు ఇంట్లో లేకపోవడం. ప్రేమ లేక కాదు. చెవులు అలిసిపోయి.

నీటి సరఫరా ఆఫీసులో ఫిర్యాదుల ఫోన్ దగ్గర ఆమె ఉద్యోగం. పొద్దున తలకి తగిలించిన హెడ్‌ఫోన్ సాయంత్రం తీసేసరికి చెవుల చుట్టూ ఎర్రగా గాడి పడి ఉంటుంది. నీళ్లు రావడంలేదనేవాళ్లు, వస్తే బురదగా వస్తున్నాయనేవాళ్లు, తమకి వచ్చినా పక్కింటికి ఎక్కువొచ్చాయనేవాళ్లు. "తిట్టేవాళ్లే నయం, తొందరగా పెట్టేస్తారు. కష్టం చెప్పుకునేవాళ్లు వదలరు" అంటుంది పక్క సీటావిడతో.

ఇంటికొస్తే టీవీ. దాని గొంతు ఏటికేడాది పెరుగుతోంది. ఆయన గొంతూ అంతే. ఉప్పు అందుకోమంటే వీధి చివరివాడు అందుకుని ఇచ్చేలా ఉంటుంది. జీవితమంతా కోత మిషను పక్కన నిలబడ్డ మనిషి అరవక ఏం చేస్తాడని ఆమె సర్దుకుంది. నెమ్మదిగా మాట్లాడండని చెవినిల్లు కట్టుకుని పోరింది. చివరికి "మీతో చెప్పడం చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే" అని విసుక్కుని ఊరుకుంది. ఆయన నవ్వేవారు. ఆ నవ్వు కూడా గట్టిగానే ఉండేది.

అందుకని ఆ నాలుగు రోజుల కోసం ఆమె ప్రాణం లాక్కుపోయేది. తనూ సెలవు పెట్టి, తలుపేసుకుని, ఫోన్ బీరువాలో పడేసి, పడుకోవాలి. లేస్తే లేవాలి, లేకపోతే లేదు. ఆడపడుచు ఫోన్ చేసి, "అన్నయ్య లేనప్పుడు ఒక్కదానివే ఎందుకొదినా, నేనొచ్చి తోడుంటాలే" అంటే ఆమెకి గుండె జారిపోయింది. ఆ ఆడపడుచు మాట మొదలుపెడితే మధ్యలో ఊపిరి పీల్చుకోవడం ఎవరూ చూడలేదు. "వద్దమ్మా, ఆ నాలుగు రోజులూ నాకు డబుల్ డ్యూటీ వేశారు" అని నాలుక మడతపడకుండా అబద్ధమాడేసింది.

ఇక ఆయన సంగతి. పగలంతా చెట్లు కోస్తారు, సెలవు రోజున పిట్టల్ని వెతుక్కుంటూ పోతారు. ఇదేం న్యాయం బావా అని చుట్టాలు ఎగతాళి చేస్తే, "చెట్టు ఎలాగూ పోయింది, దాంట్లో కాపురమున్నవాళ్లు ఎక్కడికి పోయారో చూడొద్దా" అంటారు. ఒకసారి మిల్లుకొచ్చిన దుంగ తొర్రలో గూడు కనిపించిందట. అప్పట్నుంచి పట్టుకుంది ఈ పిచ్చి. ఊరి చుట్టుపక్కల పిట్టలన్నీ అయిపోయాయి. ఇప్పుడు ఆయన మనసంతా ఆ కొండమీదుంది. అక్కడ ఏడాదంతా వాన, వాన లేకపోతే మంచు. ఆ మంచులో ఒక బుల్లి పిట్ట ఉందట. పుస్తకంలో దానికి నోరు తిరగని పేరొకటి రాశారు గానీ, ఆయన మంచుపిట్ట అంటారు. మనిషి పక్క కొమ్మ మీదున్నా కనపడదు.

"ముందు చెవికి దొరకాలి సార్, తర్వాతే కంటికి" అన్నాడు కొండ గైడు ఫోన్‌లో. "కూత ఎటునుంచి వస్తే అటు తిరిగి నిలబడాలి. మంచు విడిపోయిన క్షణంలో కనబడుతుంది. నేను ముందు దారి తీస్తుంటాను, పిట్టని మీ చెవే పట్టుకోవాలి." వచ్చేలోపు నేర్చుకోమని అక్కడి పిట్టల కూతలన్నీ రికార్డు చేసి పంపించాడు.

రోజూ సాయంత్రం భోజనాల బల్ల మీద పాఠం మొదలయ్యేది. బుడబుడమని కూసేది, గుమ్మడిపండు తట్టినట్టు గుమ్‌గుమ్‌మనేది, ఇలాంటివన్నీ ఆయన పట్టేశారు. తిరిగి కూసి చూపించేవారు కూడా. మంచుపిట్ట దగ్గరే చిక్కొచ్చింది.

"వీడు ఖాళీ ఫైలు పంపాడే" అన్నారు. "ఆకుల చప్పుడు తప్ప ఏం లేదు."

గైడుకి ఫోన్ చేశారు. మళ్లీ పంపాడు. అదీ ఖాళీయేనన్నారు. అప్పటికే గంటసేపటినుంచి వంటింట్లో గిన్నెలు తోముతున్న ఆమెకి ఒక సన్నటి ఈల బుర్ర తొలిచేస్తోంది. తడి వేలితో గాజుగ్లాసు అంచు రుద్దితే వస్తుందే, అలాంటిది. మూడు మెట్లెక్కి, ఆగి, జర్రున జారుతుంది. ఇంకేదో పిట్టనుకుంది. ఇన్ని పిట్టల్లో ఏది ఏదో ఆమెకేం తెలుసు.

మూడోసారి పంపాక ఆయనకి కోపమొచ్చింది. "ఏమయ్యా, నీ ఫోన్ బాగోలేదా, నువ్వు బాగోలేవా" అని గైడుని దులిపేశారు. అవతలివాడు, బాగా పాడుతోంది సార్, గట్టిగా పెట్టి వినండి అని మొత్తుకుంటున్నాడు. ఆమె తడి చేతులతో గుమ్మంలోకి వచ్చింది.

"నువ్వే చూడు" అన్నారాయన, గైడుతో మాట ముగించి ఫోన్ ముందుకి తోస్తూ. "ఏమన్నా ఉందా దీంట్లో?"

ఫోన్‌లో పిట్ట పాడుతోంది. మూడు మెట్లెక్కింది, ఆగింది, జారింది. మళ్లీ ఎక్కింది. ఆయన ఆమె ముఖంలోకి చూస్తున్నారు, ఆ పిట్ట అక్కడ లేనట్టే.

టీవీ గొంతు, ఉప్పు కోసం అరుపు, గట్టి నవ్వు, అన్నీ ఒక్కసారిగా ఆమెకి అర్థమైపోయాయి. నోటిదాకా మాట వచ్చింది. ఆ వెనకే తలుపేసుకుని పడుకునే నాలుగు రోజులూ వచ్చాయి. చెప్తే ఈయన వెళ్లరు. వెళ్లకపోతే ఆ నిద్ర లేదు.

"ఏమో. నాకూ ఏం వినపడలేదు" అంది.

"చూశావా! వాడేదో దాస్తున్నాడు" అన్నారాయన. గుమ్మడికాయల దొంగలా ఆమె భుజాలు తడుముకోవడం ఒక్కటే తక్కువ. గిన్నెల దగ్గరికి వెళ్లి, తోమిన గిన్నే మళ్లీ తోమింది.

మర్నాడు ఆఫీసులో ఒక పెద్దాయన ఫోన్ చేశాడు. పొద్దుటినుంచి నీళ్లు లేవని, ఇదేనా మీ పనితనమని మొదలుపెట్టాడు. ఆయన మాట వెనక ఎక్కడో సన్నగా ఒక చప్పుడు ఆమెకి వినిపించింది. ఖాళీ బకెట్టులో ధార పడుతున్న చప్పుడు.

"అయ్యా, నీళ్లొస్తున్నాయండీ. ఒక్కసారి వెళ్లి చూడండి."

"నా ఇంట్లో నీళ్లొస్తే నాకు తెలీదా?"

"నాకు వినిపిస్తోందండీ. వెళ్లి చూడండి."

ఫోన్ పక్కన పెట్టి వెళ్లాడు. కాసేపటికి వచ్చి, "అవునమ్మా, వచ్చాయి" అన్నాడు, గొంతు దించుకుని. తర్వాత "చల్లగా ఉండమ్మా" అని పెట్టేశాడు.

ఆమె తర్వాతి ఫోన్ ఎత్తలేదు. ముక్కూముఖం తెలియనివాడికి చెప్పింది, వాడి కుళాయిలో నీళ్లొస్తున్నాయని. తన మనిషికి మాత్రం చెప్పలేదు. సిగ్గేసింది. ఆ సిగ్గులో కూడా నిద్ర కావాలనే ఉంది, అదీ ఆమె బాధ.

ఇంటికి వెళ్లేసరికి ఆయన సంచి సర్దుతున్నారు. చెప్పులు కూడా విప్పకుండా చెప్పేసింది. "ఆ ఫైలు ఖాళీ కాదండీ. పిట్ట పాడుతోంది. మీకు వినపడటంలేదు."

ఆయన ఫోన్ తీసి, ఆ ఫైలు పెట్టి, చెవికి ఆనించుకున్నారు. తీసి ఆమె వైపు చూశారు. "ఇప్పుడు?"

"పాడుతోంది."

"ఇప్పుడు?"

"ఆగింది... మళ్లీ మొదలెట్టింది."

"మరి నిన్న వినపడలేదన్నావు."

"అబద్ధం చెప్పాను. మీరు వెళ్తే నాలుగు రోజులు ఇల్లు నిశ్శబ్దంగా ఉంటుందని. పడుకోవచ్చని."

తిడతారనుకుంది. ఆయన సంచీ వైపే చూస్తూ, "అనవసరంగా ఆ గైడుని తిట్టాను పాపం" అన్నారు. కిటికీ వైపు తిరిగి, "పెరట్లో చెట్టు మీద సాయంత్రం చిన్నపిట్టలు గోల చేసేవి. ఈమధ్య రావడం మానేశాయనుకున్నాను" అన్నారు.

"వస్తున్నాయండీ. రోజూ వస్తున్నాయి."

ఆయన తలూపారు. సంచిలోంచి జలగ మేజోళ్లు తీసి మడతపెట్టి బల్ల మీదుంచారు. తర్వాత రెయిన్‌కోటు. "అంత దూరం వెళ్లి మంచు చూసి రావడమెందుకులే" అన్నారు. ఆ మాట ఎంత చిన్నగా అన్నారంటే, ఆమె చెవి రిక్కించి వినాల్సి వచ్చింది.

చెవుల డాక్టరుకి చూపించారు. మాటలకైతే చెవికి మిషను పెడదాం గానీ, అంత సన్నటి కూతలు మళ్లీ వినపడటం కష్టమన్నాడు. ఆ రోజునుంచి ఆయన అరవడం మానేశారు. తన గొంతు ఎంత పెద్దదో తనకే తెలియదని భయం పట్టుకుందేమో, సగం మాటలు సైగలతోనే కానిచ్చేవారు. టీవీ కూడా గొంతు నొక్కేసి, బొమ్మలు మాత్రం చూసేవారు. ఉప్పు కావాలంటే లేచి తనే తెచ్చుకునేవారు.

ఆమె కోరుకున్న నిశ్శబ్దం వెతుక్కుంటూ ఇంటికొచ్చి కుర్చీ వేసుకు కూర్చుంది. పడుకుంటే నిద్ర పట్టేది కాదు. చెవిటివాడు, శంఖం అని ఎన్నిసార్లు అందో ఆ మాటలన్నీ తలకింద రాళ్లలా తగిలేవి. అలుపు మాత్రం అలాగే ఉంది. పైగా ఇప్పుడది ఒళ్లంతా పాకింది.

ఒకరోజు అన్నం తింటూ తింటూ, "నేనూ వస్తాను" అంది.

"ఎక్కడికి?"

"ఇంకెక్కడికి, మీ కొండకి. రెండో అనుమతి అడిగాను, ఇస్తామన్నారు. నాకు సెలవు దొరికింది. జలగలంటే నాకు అసహ్యం, ఆ సంగతి ముందే చెప్తున్నాను. తెల్లారకుండా లేపితే మాత్రం అక్కణ్నుంచే వెనక్కి వచ్చేస్తాను."

"పిట్టలు తెల్లారకుండానే కూస్తాయి" అన్నారాయన, మెల్లగా.

ఆమె కంచం వైపు చూసుకుంది. "సరే, లేపండి" అంది.

సెలవు అడిగినప్పుడు ఆఫీసులో పైఅధికారి నవ్వాడు. "చెవులకి విశ్రాంతి కావాలన్నావుగా, ఎక్కడికెళ్తున్నావ్?" అంటే, "పిట్టల్ని వినడానికండీ" అంది. అతను హాస్యమనుకున్నాడు. ఆమెకి నవ్వే ఓపిక లేదు.

ఆదివారం మధ్యాహ్నం పాఠం మళ్లీ మొదలైంది. ఈసారి విద్యార్థిని ఆమె. అడవిలో మాట్లాడితే పిట్ట ఎగిరిపోతుంది కాబట్టి మాటలు కుదరవు. ఏర్పాటు ఆయనే చెప్పారు. పాడుతున్నంతసేపూ చూపుడువేలు ఎత్తి ఉంచాలి, ఆపితే దించాలి. కూత ఎటునుంచి వస్తే అటు చూపించాలి. ఫోన్ పుస్తకాల వెనక ఒకసారి, కిటికీ దగ్గర ఒకసారి దాచి పరీక్ష పెట్టారు. అన్నిసార్లూ ఆమె సరిగ్గానే చూపించింది. ఆయన కళ్లు ఆమె వేలి మీదే ఉన్నాయి. వేలు లేస్తే ఆయన ముఖం విప్పారుతోంది, దిగితే ఊపిరి బిగబట్టి ఎదురుచూస్తున్నారు. ఇన్నేళ్ల కాపురంలో తను చెప్పింది ఆయన ఇంత శ్రద్ధగా విన్నది లేదని ఆమె అనుకుంది. ఏడుపూ వచ్చింది, ఆవలింతా వచ్చింది. ఆవలింతే గెలిచింది.

వారమంతా ఫోన్‌లో విన్న గొంతులు, బస్సులో నిలబడ్డ కాళ్లు, తిన్న అన్నం, అన్నీ కలిసి కనురెప్పల మీద కూర్చున్నాయి. కుర్చీలో వెనక్కి వాలింది. పిట్ట ఆగింది. వేలు దిగి ఒళ్లో పడింది, చెయ్యి అక్కడే ఉండిపోయింది.

ఆయన లేపలేదు. లేచి వెళ్లి కిటికీ తెర లాగిన చప్పుడు ఆమెకి వినిపించింది. మెల్లగా లాగాననే ఆయన అనుకుని ఉంటారు, రింగులన్నీ గలగలమన్నాయి. దుప్పటి ఒకటి మోకాళ్ల మీద పడింది. ఎదుటి కుర్చీ కిర్రుమంది. తర్వాత ఇల్లంతా సద్దుమణిగింది. ఇన్నాళ్లూ ఆమె ప్రాణం లాక్కుపోయింది దీనికోసమే. ఇలాగే ఉండిపోతే సాయంత్రందాకా ఎవరూ కదిలించరు.

పుస్తకాల వెనక పిట్ట మళ్లీ మొదలెట్టింది. ఒక మెట్టు ఎక్కింది, రెండో మెట్టు ఎక్కింది. ఎదుటి కుర్చీలో ఆయనకి ఆ సంగతి తెలియదు. ఆగిపోయిందనుకుని కూర్చున్నారు.

కళ్లు తెరవకుండానే ఆమె వేలెత్తింది.