కాసినో గేటు ముందు పదిహేడు కావళ్ళు

యీమ్ అవ్వ కావడిని కాసినో కాపలావాడు తన్నడం నేను కళ్ళారా చూశాను. ఒక బుట్టలోని బియ్యపు సేమ్యా, రెండో బుట్టలోని చేపల పులుసు రోడ్డు మీద కలిసిపోయాయి. రోజూ అవ్వ చేత్తో చేసే పని, పాపం, వాడు కాలితో చేసిపెట్టాడు.

"రేపట్నుంచి ఇక్కడ అమ్మకాల్లేవ్. మా స్టాఫ్ లోపలే తింటారు."

కాసినో వస్తే బేరాలు పెరుగుతాయని చెప్పి మా సంత స్థలం తీసుకున్నారు. సరిహద్దు దాటి థాయిలాండ్ నుంచి వచ్చే ఆటగాళ్ళు లోపలే తింటారు, లోపలే పడుకుంటారు, ఏడుపొస్తే అదీ లోపలే. మాకు మిగిలింది అక్కడ పేకముక్కలు పంచే మా ఊరి ఆడపిల్లల మధ్యాహ్నపు ఆకలి. ఇప్పుడు దానికీ తాళం వేశారు.

సాయంత్రం సేమ్యా అమ్మే పదిహేడుమందిమీ మా వంటింట్లో చేరాం. ఊరిపెద్ద సావన్ కాగితాలతో వచ్చాడు.

"గొడవెందుకమ్మా? మీ సేమ్యా కాసినోయే కొంటుందట. ఒక్కొక్కరూ వచ్చి వేలిముద్ర వెయ్యండి."

నేను చదివాను. "'అవసరమైనప్పుడు' కొంటారట. అప్పటిదాకా గేటు దగ్గరికి రాకూడదట."

"కాలేజీ చదువమ్మా నీది! అన్నిట్లో పురుగులే కనిపిస్తాయి."

"బియ్యంలోనూ ఏరతాను, పెద్దాయనా."

ఎవరి వేలు ముందు లేస్తుందోనని అందరం అందరి చేతుల వంకా చూస్తున్నాం. అంతలో ముక్కలు పంచే చంతూ వచ్చింది, ఇంకా కాసినో నల్లకోటుతోనే.

"కాసినోలో సేమ్యా మూటలు లారీలో దిగాయి, ఏడాదికి సరిపడా. మీది ఎవడు కొంటాడు? ఆ తిండికి మా జీతాలు కోస్తారట. బయటి తిండి మురికట."

"నా పులుసు మురికా?" అవ్వ లేచింది. సావన్‌కి ఏదో పని గుర్తొచ్చి వెళ్ళిపోయాడు. అవ్వ చంతూ వైపు తిరిగింది. "నిన్ను మాత్రం ఎట్లా నమ్మేదే? వాళ్ళ జీతం తింటున్నావు."

"నమ్మొద్దు అవ్వా. రేపు పన్నెండింటికి గేటు దగ్గరికి రా, చూద్దువు."

మర్నాడు గేటు ముందు పదిహేడు కావళ్ళు దించాం. పన్నెండు దాటింది. గేటు తెరుచుకోలేదు. "చెప్పానా!" అంది అవ్వ. పోలీసులు దిగారు. "ఎత్తండి!" అన్నారు. ఎవరూ ఎత్తకపోతే అవ్వనే ఎత్తి వ్యానులో పడేశారు.

అప్పుడు లోపల అడుగుల చప్పుడు. రెండు వందలమంది ఆడపిల్లలు గేటుకి ఆనుకున్నారు.

"భోజనం గంట మాది. తియ్యి," అంది చంతూ.

"మీ ఉద్యోగాలు పోతాయి!" అన్నాడు కాపలావాడు.

"అందరివీ తీసేస్తే ముక్కలు నువ్వు పంచుతావా?"

వాడు ఆలోచించాడు. తాళం తీశాడు.

పిల్లలు వ్యాను చుట్టూ, చక్రాలకి ఆనుకుని మరీ, రోడ్డు మీద కూర్చున్నారు. డ్రైవరు హారన్ కొట్టాడు. మేం వడ్డించాం.

"ముందు చంతూకి పెట్టండే!" కిటికీ ఊచల్లోంచి అవ్వ అరిచింది. "పులుసు అడుగునుంచి తియ్యండి, చేప అక్కడుంటుంది!"

ఆ పూట లోపల ముక్క పడలేదు. బయట వ్యాను కదల్లేదు.