బయోస్ మార్చిన ఆదివారం

కైలాసం చచ్చిపోయి ఎనిమిది నెలలైనా డ్యూటీ మాత్రం ఎగ్గొట్టలేదు. ఈ మాట బయట అంటే పిచ్చి పట్టిందంటారని అతని భార్య జ్యోతిరాణి ఎవరితోనూ అనలేదు.

గోదావరిఖని కాలనీ క్వార్టర్లో ముందు గదిలో ఉన్న కంప్యూటర్ అతనిది. గని నుంచి వచ్చి స్నానం కాగానే దాన్ని ఆన్ చేసి చదరంగం ఆడేవాడు. పెళ్లాంతో రెండు మాటలు మాట్లాడే తీరిక మాత్రం ఆ మహానుభావుడికి ఉండేది కాదు. గుండెపోటుతో పోయాక కూడా ఆ పెట్టె దానంతటదే ఆన్ అవుతోంది. మొదటి షిఫ్టు వారం మధ్యాహ్నం మూడూ నలభైకి, రెండో షిఫ్టు వారం రాత్రి పదకొండూ నలభైకి, నైట్ షిఫ్టు వారం పొద్దున ఏడూ నలభైకి. అతని గ్యాంగుకు షిఫ్టు మారితే దాని వేళా మారుతుంది. ఆదివారం సెలవు కాబట్టి ఉలకదు, పలకదు. దాని ఫ్యాను గుయ్యిమనగానే, మనిషి క్షేమంగా పైకొచ్చాడని జ్యోతిరాణి గుండె కుదుటపడేది.

కూతురు ఉమారాణి దాని మీదే ఇంటి నుంచి ఉద్యోగం చేస్తోంది. బోర్డులో ఉండి కంప్యూటర్‌ను మేల్కొలిపే బయోస్ అనే ప్రోగ్రాం పాతదైందనీ, సోమవారంలోగా కొత్తది ఎక్కించకపోతే తమ సాఫ్ట్‌వేర్ తెరుచుకోదనీ ఆఫీసువాళ్లు చెప్పారు. రిపేరు షాపు అర్ఫాత్‌ను పిలిపించారు.

"గీ పెట్టె దానంతటదే ఆన్ అయితది తమ్మీ. ఎందుకో జర చూడు," అంది జ్యోతిరాణి.

అర్ఫాత్ సెట్టింగులు తెరిచి చూశాడు. మళ్లీ చూశాడు. అతని ముఖం మారింది.

"దానంతటదే ఆన్ అయ్యే అలారం బందే ఉన్నదక్కా. ఉన్నా గిట్ల వారం వారం టైం మార్చుకోదు. ఫికర్ చెయ్యకు, కొత్తది ఎక్కితే పాతదంతా తుడుచుకపోతది. మళ్ల గిట్ల గాదు."

ఆమె ఫికరంతా అదే. పిల్ల ఉద్యోగం పోగొట్టడమూ, మొగుణ్ని రెండోసారి పోగొట్టుకోవడమూ ఆమె వల్ల కాదు. కిందికి దిగిన మనిషి పైకొచ్చేదాకా ఏనాడూ తలుపు గడియ పెట్టని ఇల్లాలు ఆమె. రెండు రోజులు మథనపడి, చేయక తప్పకపోతే అతను ఇంట్లో ఉన్నప్పుడే చేయాలనుకుని, అర్ఫాత్‌ను మళ్లీ పిలిపించింది.

"ఆదివారం చెయ్యి తమ్మీ. గాయిన ఇంట్లనే ఉంటడు."

అర్ఫాత్ తలూపాడు. కరెంటు పోకుండా ఇన్వర్టర్ చూసుకోమని మాత్రం చెప్పి వెళ్లాడు.

ఆదివారం పదకొండింటికి వచ్చి పెన్‌డ్రైవ్ పెట్టాడు. తెర మీద గీత మెల్లగా నిండుతోంది. "ఎవరు ముట్టద్దు. నడుమల ఆగితే బోర్డే పోతది," అన్నాడు.

గీత సగం నిండేసరికి పక్క క్వార్టర్ గట్టయ్య పేపర్ కోసం వచ్చాడు. కైలాసం గ్యాంగువాడే.

"జరమొచ్చి ఇంట్ల పడ్డ గాని వదినె, లేకుంటే డబుల్ జీతం వచ్చు. తొమ్మిది నెలలకు ఇయ్యాల ప్లే డే ఇచ్చిండ్రు. మా గ్యాంగంత పొద్దుగాల్నే దిగింది."

సెలవు రోజున రెట్టింపు జీతానికి చేసే ఆ పనిని కైలాసం ముప్పై ఏళ్లలో ఒక్కసారీ వదల్లేదు. ఉమారాణి పుట్టిన ఆదివారం కూడా దిగాడు. అది జ్యోతిరాణికి ఇప్పుడు గుర్తొచ్చింది.

"ఆపు తమ్మీ! గాయిన కింద ఉన్నడు, ఆపు!" అంటూ ప్లగ్గు మీదికి ఉరికింది.

ఉమారాణి ఆమె చేయి గట్టిగా పట్టుకుంది. "అవ్వా, నా నౌకరి పోతదే!"

ఆ పెనుగులాటలోనే గీత నిండింది. తెర నల్లబడి, మళ్లీ కొత్తగా వెలిగింది.

"పాతది మళ్ల ఎక్కియ్యి తమ్మీ, నీ కాళ్లు మొక్కుత."

"ఎక్కదక్కా. కొత్తది వచ్చినంక పాతదాన్ని రానియ్యదు." అర్ఫాత్ కంప్యూటర్ ఆపేసి, ఆమె ముఖం చూడలేక వెళ్లిపోయాడు.

మూడున్నరకు గ్యాంగువాళ్ల బండ్లు కాలనీలోకి వచ్చాయి. మూడూ నలభై అయింది. నాలుగూ దాటింది. పెట్టె మూగగానే ఉంది. చివరికి జ్యోతిరాణే బటన్ నొక్కింది. ఫ్యాను తిరిగింది, తెర వెలిగింది, గదిలోకి మాత్రం ఎవరూ రాలేదు. ఎనిమిది నెలల్లో ఆ గది అంత ఖాళీగా ఎన్నడూ లేదు.

"అందరు పైకొచ్చిండ్రు బిడ్డా," అంది కూతురితో. "మీ బాపునే నేను కింద పెట్టి మూసేసిన."