పక్షికి పది రోజులు

"మిక్సీ ఆపు. దానికి భయమేత్తాది."

ధనరాజ్ వంటింటి గుమ్మంలో నిలబడి ఆ మాట గుసగుసగా అన్నాడు. పెళ్లయిన ఇరవై రెండేళ్లలో ఆ ఇంట్లో అతను గొంతు తగ్గించి మాట్లాడగా కనకమహాలక్ష్మి వినడం అదే మొదలు. మిక్సీ ఆపి, కొబ్బరిముక్కలు రోట్లోకి ఒంపుకుని, పొత్రం అందుకుంది.

భయపడేది స్టోర్ రూములో అట్టపెట్టెలో ఉంది. తెల్లగా ఉండాల్సిన సముద్రపు పక్షి, పూడిమడక ఒడ్డున ఎవరో పారబోసిన ఇంజన్ ఆయిల్లో పడి తారుముద్దలా దొరికింది. ధనరాజ్ అనకాపల్లిలో స్కూలు మాస్టారు, సెలవు రోజుల్లో పక్షుల సేవాసంఘానికి అధ్యక్షుడు. గది తలుపు మీద నియమాలు తనే గుండ్రటి అక్షరాలతో రాసి అంటించాడు. తేగానే కడగరాదు, ఒక రోజు పూర్తి విశ్రాంతి ఇవ్వాలి. దగ్గర గట్టిగా మాట్లాడరాదు. బాగుపడినట్టు కనిపించినా తొందరపడి వదలరాదు.

ఆ కాగితాన్ని కనకం రోజుకు పదిసార్లు చదివేది. లోపలికి వెళ్లాల్సింది ఆమే కదా. కడగడం కూడా ఆమే. "గిన్నెల జిడ్డు వదలగొట్టే సెయ్యి నీది, నీకలవాటే" అన్నాడు. గోరువెచ్చటి నీళ్లలో గిన్నెల సబ్బు కలిపి, ఒక్కో ఈకనీ వేళ్ల మధ్య జారుస్తూ ఎనిమిది టబ్బుల నీళ్లు మార్చింది. బరువులెత్తొద్దని డాక్టరమ్మ చెప్పి మూడు నెలలు కూడా కాలేదు.

గర్భసంచి తీసేశాక ఇంటికొచ్చిన ఐదో రోజున, మంచం మీద కూర్చుని జడ వేసుకుంటుంటే అత్తగారు కాసులమ్మ ఎగాదిగా చూసి, "బానే ఉన్నావు కదే. నేను నలుగుర్ని కన్నాను, మూడోనాడే నూతిలో నీల్లు తోడేను" అంది. ధనరాజ్ పేపర్లోంచి తలెత్తలేదు. "కదుల్తా ఉంటేనే తొందరగా మానతాది. ఆ పప్పేదో రుబ్బీ" అన్నాడు. రుబ్బింది. ఎనిమిదో రోజుకి కుట్టు విడిపోయింది. మళ్లీ ఆసుపత్రిలో అతను నర్సుతో, "నేనొద్దన్నాను సిస్టర్, వింటే కదా" అని నవ్వాడు. మంచం మీంచి తనూ నవ్వింది. అతని మాట ఎప్పుడో మర్చిపోయింది గాని, తన నవ్వు గుర్తొస్తే మాత్రం ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

నాలుగు రోజులకి పక్షి తెల్లబడింది. నెత్తళ్ల చేపలు తినిపించబోతే వేలు పొడిచే ఓపిక వచ్చింది. ఆదివారం వదిలేద్దామన్నాడు ధనరాజ్. పూడిమడకలో షామియానా, పెద్దమనుషులు, టీవీవాళ్లు. శనివారం పొద్దున్న కనకం దాన్ని టబ్బులో వదిలి చూసింది. కోలుకున్న పక్షి ఈకల మీద నీళ్లు చేమాకు మీద బొట్ల లాగా జారిపోవాలి. దీనికి ఇంకిపోయాయి. కాసేపటికే పొట్టకింద తడిసి, ఒక పక్కకి ఒరిగి, మునగసాగింది.

"ఏవండీ, ఇది సముద్రంలో మునిగిపోతాది. ఇంకో పది రోజులైనా ఉంచాలి."

"సూడ్డానికి బానే ఉంది కదా."

"సూడ్డానికి."

"అందర్నీ పిలిసేసేను కనకం. ఫొటో అయ్యేదాకా ఎగిరితే చాలు, తర్వాత దాని తిప్పలది పడతాది. నువ్వు ముందు రేపు ముప్పైమందికి పులిహోర సంగతి సూడు."

హాల్లోంచి కాసులమ్మ అందుకుంది. "పిట్టక్కూడా బాలింత పథ్యం పెడతాదేటిరా నీ పెల్లాం?"

కనకం చింతపండు నానబోసింది. ధనరాజ్ షామియానా పనిమీద బండి తీశాక ఆ గిన్నె వంక కాసేపు చూస్తూ నిలబడింది. తర్వాత వెళ్లి పక్షిని తువ్వాలుతో తుడిచి, పెట్టెలో పెట్టి, మీద పాత చీర ముక్క కప్పింది. సంచీలో రెండు చీరలు, మందులు పడేసుకుంది. స్టోర్ రూము తలుపు మీది కాగితం జాగ్రత్తగా ఊడదీసి, వంటింటి తలుపుకి అంటించింది.

రాజయ్యపేటలో అక్క అప్పలకొండమ్మ చేపలమ్ముకుంటుంది. ఆమె వస్తే ఇంట్లో నీచు కంపని ధనరాజ్ అగరొత్తులు వెలిగించేవాడు. పక్షికి ఇప్పుడు ఆ నీచే కావాలి.

నక్కపల్లి బస్సులో, పెట్టె ఒళ్లో ఉండగా ఫోను మోగింది.

"ఎక్కడున్నావు? పిట్టేదీ? సింతపండు నానబెట్టి ఎటెల్లిపోయేవు?" అతని అరుపు పక్కసీటామెక్కూడా వినపడింది.

పెట్టెలో చిన్న కదలిక. కనకం అట్ట మీద చెయ్యి ఆనించింది.

"గట్టిగా మాటాడకండి. దీనికి భయమేత్తాది. అక్క దగ్గరకెల్తన్నాం. ఈకల మీంచి నీల్లు జారిపోతే నేనే వదుల్తాను."

అటువైపు గొంతు తగ్గింది.

"సరే, పిట్టకి పది రోజులన్నావు. మరి నీకో?"

"నాకెన్నాల్లో ఆ కాయితంలో రాయలేదు మీరు" అని ఫోను పెట్టేసింది.