కూయని పెట్టె

"పెట్టె కూయలేదక్కా" అన్నాడు తమ్ముడు, టీ ఊదుకుంటూ. "నిన్న తొట్టిలోంచి పైకొచ్చాక తల దిమ్మెక్కిపోయింది, వాంతి కూడా అయింది. పొద్దున తిన్నది పడలేదులే అనుకున్నా. గాలి చెడితే నీ పెట్టె ఊరుకుంటుందా? ఊరంతా లేపదూ!"

వాడు నవ్వుతూనే చెప్పాడు. విన్న అక్క మాత్రం చేతిలో పని పక్కన పెట్టేసింది.

ఆమెది వీధి మలుపులో రేడియోలు, మిక్సీలు, ఫ్యాన్లు బాగుచేసే కొట్టు. అందరూ రేడియో అక్క అంటారు. తమ్ముడిది తోళ్ల ఫ్యాక్టరీలో పని. భూమిలోపల కట్టిన మురుగు తొట్లలోకి నిచ్చెన మీద దిగి, అడుగున పేరుకున్న బురద ఎత్తి పైకి పంపాలి. వాళ్ల నాన్నదీ అదే పని. ఒకరోజు ఆయన మామూలుగానే దిగాడు. కాసేపటికి తాడు లాగితే బరువుగా వచ్చాడు, పిలిస్తే పలకలేదు. ఆ బురదలోంచి లేచే గాలి ముందు ముక్కుని మొద్దుబారుస్తుంది, తర్వాత మనిషినే పడగొడుతుంది. అలాంటి చోటికి మళ్లీ వీడు తయారయ్యాడు. వద్దురా అని ఆమె నెత్తీ నోరూ బాదుకుంది. వింటే వాడు తమ్ముడెందుకవుతాడు!

సరే, దిగేవాణ్ని ఆపలేకపోతే కనీసం కాపలా అయినా పెడదామని ఆమె ఆ పెట్టె చేసింది. రాగి పలక మీద తనే సర్క్యూట్ గీతలు గీసి, మందునీళ్లలో కడిగి, కన్నాలు పెట్టి, ఒక్కో ముక్కా అతికింది. విషపు గాలి తగిలితే పసిగట్టి పెట్టెని కూయించే సెన్సర్ ఒకటి చాలు. భయం కొద్దీ రెండు పెట్టింది. బ్యాటరీ పన్నెండు వోల్టులు, సెన్సర్లకి కావాల్సింది అయిదు. ఆ పన్నెండుని అయిదుకి దించడానికి మధ్యలో రెగ్యులేటర్ అనే మూడు కాళ్ల నల్ల ముక్క. ఇలాంటి పలకలు రెండు చేసి, ఒకటి వాడికిచ్చి, రెండోది పాడైతే మార్చడానికని కొట్లో ఉంచుకుంది. వాడి చేతిలోంచి జారి పగులుతుందేమోనని పాత దుప్పటి మడతలేసి మందంగా ఒక సంచీ కూడా కుట్టింది. సెన్సర్ల ముక్కులు మాత్రం బయటికి, మిగతాదంతా వెచ్చగా లోపల.

"కూసిందంటే చేతిలో పని చేతిలోనే వదిలేసి పైకొచ్చెయ్యాలి. ఏం?" అని అప్పుడే ఒట్టు వేయించుకుంది.

"కూస్తే పైకి, కూయకపోతే పని. అంతేగా!" అన్నాడు వాడు.

ఆ అంతేగా అన్న మాటే ఇప్పుడు ఆమెని తినేస్తోంది. నాన్న దేన్నీ నమ్మకుండా బెదురుతూ దిగేవాడు. వీడు అక్కని నమ్మి దర్జాగా దిగుతున్నాడు.

"ఇలా తే దాన్ని."

సంచీలోంచి తీసి, మూత విప్పి, బల్ల మీద ఫ్యాన్ కింద పెట్టింది. పచ్చ దీపం వెలిగింది. మీటరు ముళ్లు ఆనిస్తే అయిదు. అటు కదిపింది, ఇటు తట్టింది. అయిదే! ఫ్యాక్టరీ బురద కాస్త సీసాలో దాచి ఉంచింది పరీక్షకి. బిరడా తీసేసరికి పెట్టె గోల గోలగా కూసింది. పక్క కొట్టు దర్జీ ముక్కు మూసుకుని, "తల్లీ, నీకు దణ్ణం పెడతా, ఆ సీసా మూసెయ్" అని కేకేశాడు.

ఎక్కడైనా అతుకు వదిలిందంటే ధైర్యంగా ఉండేది. దొరికిన తప్పుని సరిదిద్దొచ్చు. ఏ తప్పూ దొరకడం లేదే! రెగ్యులేటర్ కాళ్ల దగ్గర మళ్లీ అతికింది. పక్కనున్న కెపాసిటర్లు మార్చింది. బ్యాటరీ తీగలు కొత్తవి వేసింది. ప్రతిసారీ అదే అయిదు, అదే పచ్చ దీపం. మొండి పిల్లాడు అమ్మ ముందు బుద్ధిమంతుడిలా కూర్చున్నట్టు కూర్చుంది పెట్టె. నల్ల ముక్క మీద వేలు పెడితే చురుక్కుమంది. కాస్త వేడెక్కడం దాని స్వభావమేలే అనుకుంది. ఆ అనుకోవడమే కొంప ముంచింది.

"ఈరోజు దిగకు రా" అంది.

"పెద్ద తొట్టి అక్కా. అందరూ నాకోసమే చూస్తుంటారు. అన్నీ మార్చావుగా, ఇంకేం భయం?" అంటూ పెట్టెని సంచీలో దోపుకుని, సైకిలెక్కి వెళ్లిపోయాడు.

ఆమెకి పని తోచలేదు. రెండో పలక తీసి, బ్యాటరీ తగిలించి, మీటరు పెట్టుకుని దాని ముందే కూర్చుంది. అయిదు. అలా చూస్తూనే ఉంది. ఇంతలో కరెంటు పోయింది. తల మీద ఫ్యాన్ మెల్లగా తిరిగి తిరిగి ఆగిపోయింది. వీధిలో అందరూ ఉస్సురంటూ బయటికొచ్చారు. ఆమె లేవలేదు.

పలక బ్యాటరీ మీద నడుస్తోంది కాబట్టి దానికి కరెంటుతో పని లేదు. అయినా కొంతసేపటికి మీటరులో అయిదు కాస్తా నాలుగయింది. తర్వాత రెండు. పచ్చ దీపం మసకబారి ఆరిపోయింది. ఆమె సీసా బిరడా తీసి దగ్గర పెట్టింది. కంపు కొట్టింది గానీ పలక మూగదానిలా పడి ఉంది. వంగి నల్ల ముక్క మీద ఉఫ్ ఉఫ్ మని ఊదింది. దీపం వెలిగింది, ఆ వెంటనే కూత!

ఆమెకి అప్పుడు అంతా అర్థమయింది. వేడి మితిమీరితే ఆ ముక్క తనని తాను కాపాడుకోవడానికి దానంతటదే ఆగిపోతుంది, చల్లారితే మళ్లీ మొదలవుతుంది. రెండు సెన్సర్లు లాగే కరెంటు దానికి మోయలేని బరువు. వేడి లాగేసే అల్యూమినియం రెక్క ఒకటి బిగించాల్సింది, బిగించలేదు. ఇక్కడ ఫ్యాన్ గాలి దాన్ని ఇన్నాళ్లూ కాపాడింది. అక్కడ తొట్టిలో దాని చుట్టూ తను ప్రేమగా కుట్టిన దుప్పటి సంచీ! ఆరిన దీపం కూడా బయటికి కనబడదు.

"ఓరి దేవుడా, చేజేతులా చేశానే!"

ఫోన్ చేసింది. మోగింది, మోగింది, ఎవరూ ఎత్తలేదు. దిగేముందు వాడు ఫోన్ చెప్పుల్లో పెట్టి దిగుతాడు. కొట్టు బార్లా తెరిచి ఉండగానే దర్జీ సైకిలు లాక్కుని తొక్కింది. దారి పొడుగునా ఒకటే మాట నోట్లో, కూయకపోతే పని, కూయకపోతే పని.

ఫ్యాక్టరీ వెనక తొట్టి నోటి దగ్గర తాడు పట్టుకుని నాన్న పాత జతగాడు కూర్చుని ఉన్నాడు. ఆమెకి వరసకి మావయ్య. పక్కన తమ్ముడి చెప్పులు, వాటిలో ఫోన్.

"ఏంటమ్మాయ్, అలా రొప్పుతున్నావ్? నీ పెట్టె చప్పుడు లేదులే, వాడు హాయిగా..."

"లాగు మావయ్యా! పెట్టె చచ్చిపోయింది, వాణ్ని లాగు!"

ఆయన తాడు రెండుసార్లు కుదిపాడు. బాగున్నానని లోపలి నుంచి తిరిగి కుదపాలి. తాడు కదల్లేదు. ఆమె నిచ్చెన మీద కాలు వేసేసింది. ఆయన ఆమె జుట్టు పట్టుకుని వెనక్కి లాగి, "నువ్వూ పోతావే పిచ్చిదానా, తాడు పట్టు!" అని అరిచాడు. అవతల పనివాళ్లు పరిగెత్తుకొచ్చారు. అందరూ కలిసి లాగారు. బరువుగా వచ్చాడు. అచ్చం నాన్న వచ్చినట్టే వచ్చాడు.

బయట నేల మీద పడుకోబెట్టారు. పెదాలు నల్లబడ్డాయి. ఎవరో అంబులెన్సుకి ఫోన్ చేస్తున్నారు. ఆమె వాడి ఛాతీ మీద చెయ్యి వేసింది. చాలాసేపు ఏమీ తెలియలేదు, తర్వాత సన్నగా, తెగుతూ, ఊపిరి. "ఉన్నాడు మావయ్యా, ఉన్నాడు!" అని బావురుమంది. నడుముకి కట్టిన సంచీ ఊపిరికి అడ్డంగా ఉందని ముడి విప్పి, పెట్టెని లాగి పక్కన పడేసింది.

దానికి గాలి తగిలింది. ఒక్క నిమిషం ఊరుకుంది. ఆ తర్వాత పచ్చ దీపం వెలిగి, తెరిచి ఉన్న తొట్టి నోటి పక్కన, చెవులు చిల్లులు పడేలా కూయడం మొదలుపెట్టింది.

తమ్ముడు కళ్లు తెరవలేదు. కానీ చేతులు కదిలాయి. బురద పట్టిన వేళ్లు గాల్లో నిచ్చెన మెట్టు కోసం వెతికాయి, ఒకటి పట్టుకున్నట్టే పట్టుకుని, ఇంకోదాని కోసం పైకి చాచాయి.

"కూసిందిగా" అన్నాడు గొణుగుతూ. "వచ్చేస్తున్నా అక్కా... పైకి వచ్చేస్తున్నా."